చదువు గడిలో 03

స్నేహితుడికి ఉత్తరం రాయగలగాలి. తిరిగి వచ్చిన జవాబును చదువుకోగలగాలి. 1911 జనాభా లెక్కల్లో ఒక మనిషిని చదువు వచ్చినవాడిగా రాసుకోవడానికి పెట్టిన కొలత ఇదే. అంతకు ముందు 1881లోనూ 1891లోనూ జనాన్ని మూడు వాటాలు చేశారు: చదువుకుంటున్నవారు, చదువు వచ్చినవారు, రానివారు. ఎవరు ఏ వాటాలోకి వస్తారన్న దగ్గర చిక్కులు రావడంతో 1901లో వచ్చు, రాదు అని రెండే ఉంచారు. పదేళ్లకు ఉత్తరం వచ్చి చేరింది. నాకు ఈ కొలత ఎంతో ఇష్టం. ఏ బడికి వెళ్లావు, ఎన్నేళ్లు వెళ్లావు అని అడగదు. నీ చదువు నీకు పనికొస్తోందా అని అడుగుతుంది. ఆ లెక్కన దేశంలో నూటికి ఆరుగురు కూడా తేలలేదు. ఆడవాళ్లలో నూటికి ఒక్కరు.

స్వతంత్రం వచ్చాక, 1951లో అక్షరాస్యత 18.33 శాతం. ఆడవాళ్లలో 8.86. అయితే అప్పటికి ప్రశ్న మారింది. పంచవర్ష ప్రణాళికలు వేసేవాళ్లకు చదువు వచ్చా రాదా అన్నది చాలదు. పనిచేసే వయసువాళ్లలో ఎవరు ఎంతవరకు చదివారు, ఆ చదువుతో ఏం పని చేస్తున్నారు అన్నది కావాలి. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు దానికి ఆగలేవు.

ఆ లోటు తీర్చింది 1950లో పుట్టిన జాతీయ నమూనా సర్వే. దాని వెనక ఉన్నది కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ, దాన్ని నడిపిన ప్రశాంత చంద్ర మహలనోబిస్. బెంగాల్ జనపనార పొలాల మీద నమూనా లెక్కలు వేసి చెయ్యి తిరిగినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన మన సి.ఆర్.రావు 1941లో వెళ్లి చేరింది కూడా ఆ సంస్థలోనే. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మన ఇళ్లలో అంటారు. ఏ మెతుకు పడితే ఆ మెతుకు కాదు, కుండలో ఏ మెతుకుకైనా చేతికి అందే అవకాశం ఉండాలి అన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. ఊళ్లను అలా ఎంచుతారు, ఊళ్లో ఇళ్లను అలా ఎంచుతారు. 1972–73 నుంచి ఉపాధి మీద పెద్ద సర్వేలు సుమారు ఐదేళ్లకోసారి జరిగాయి. 2017 ఏప్రిల్ నుంచి అది ఏటేటా సాగే శ్రామిక శక్తి సర్వే అయింది.

ఆ ఫారంలో ఇంట్లోని ప్రతి మనిషికీ చదువు గడి ఒకటి ఉంటుంది. అందులో రెండంకెల కోడ్ వేస్తారు. 01 అంటే చదువు రాదు. 06 ప్రైమరీ, 08 సెకండరీ, 12 డిగ్రీ, 13 పీజీ, ఆపైన. నియమం ఒక్కటే: పూర్తి చేసిన చదువునే రాయాలి. మన ఊళ్లలో ‘టెన్త్ ఫెయిల్’ అన్నది ఒక అర్హతలా చెలామణీ అయిన మాట. సర్వే ఫారంలో ఆ మనిషి మిడిల్ దగ్గర ఆగిపోతాడు. ఇంటర్ తప్పినవాడు సెకండరీలో ఉంటాడు. వాళ్లు బడిలో గడిపిన ఆ ఏళ్లు ఈ గడికి ఎక్కవు.

ఇంకో సంగతి. ప్రతి ఒక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగడం కుదరదు. ఇంటికి వెళ్లిన వేళకు ఎవరుంటే వాళ్లు అందరి తరఫునా చెబుతారు. మగవాడు అరుగు మీద కూర్చుని, లోపల పొయ్యి దగ్గరున్న భార్య గురించి ‘దానికేం చదువు’ అనేస్తే పడేది 01. ఆవిడ నలభయ్యో ఏట పలక పట్టి ఉండవచ్చు. పట్టినట్టు ఆయన మరిచిపోయి ఉండవచ్చు.

పెద్దయ్యాక పలక పట్టడం అన్నది నేను ఊహించి రాస్తున్నది కాదు. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. గురి 15 నుంచి 35 ఏళ్ల వాళ్ల మీద. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లా అయింది. ఆ గాలి 1991లో నెల్లూరుకు వచ్చింది. కూలికి వెళ్లి వచ్చి, వంట ముగించి, లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు. వాళ్ల వాచకంలో ఒక పాఠం వాళ్ల బతుకే: తాగుడుతో కూలిన సంసారం. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ సంగతి కొత్త పాఠమై మిగతా రాత్రి బడుల్లోకి వెళ్లింది. చదివిన ఊరల్లా లేచింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. పెద్దయ్యాక అక్షరం నేర్చినవాళ్లు ప్రభుత్వం చేత చట్టం మార్పించిన సందర్భం ఇంతకన్నా పెద్దది నాకు కనపడదు.

మరి లెక్కల్లో వాళ్లెక్కడ? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991లో 44.09 శాతం, 2001లో 60.47. పదహారు పాయింట్ల పెరుగుదల చూసి ఉద్యమం పుణ్యమే అనుకుంటే తొందరపాటు. ఆ శాతం ఏడేళ్లు నిండిన అందరిదీ. బడికి వెళ్లిన పిల్లలు లోపలికి వస్తారు, చదువురాని ముసలివాళ్లు కన్నుమూస్తారు. పెద్దవాళ్లలో ఒక్కరూ నేర్వకపోయినా అంకె ఎక్కుతుంది. నేర్చారో లేదో తేలాలంటే ఒకే కాలంలో పుట్టినవాళ్ల వెంట నడవాలి. 1993–94 సర్వేలో 25–29 ఏళ్లున్న ఆడవాళ్లు 2004–05కి 36–40కి, 2011–12కి 43–47కి వస్తారు. ఇంటింటికీ అదే మనిషి దొరకదు గానీ అదే తరం దొరుకుతుంది. ఆ తరంలో 01 తగ్గితే, కొందరైనా పెద్దయ్యాక పలక పట్టారన్నమాట.

వాళ్ల కోసం ఫారంలో ఒక కోడ్ ఉంది కూడా. బడికి వెళ్లకుండా, సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చినవారు: 03. 2011–12 ఫారంలో ఉంది, 2017–18 ఫారంలోనూ ఉంది. అచ్చయిన నివేదికల్లో మాత్రం అది కనిపించదు. 02 నుంచి 06 వరకు అన్నిటినీ కలిపి ‘ప్రైమరీ వరకు’ అని ఒకే వరుసగా వేస్తారు. ఆ వరుసలో ఐదో తరగతి పాసైన కుర్రాడూ, లాంతరు కింద పేరు రాయడం నేర్చిన కూలి తల్లీ ఒకటే. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఇళ్లవారీ దత్తాంశం పరిశోధకులకు అందుబాటులోనే ఉంది. 03ను ఎవరైనా విడదీసి, వయసునుబట్టి, జిల్లానుబట్టి చూడవచ్చు. నమూనా చిన్నది కాబట్టి జిల్లా అంకె వణుకుతుంది. నాలుగైదు ఏళ్లవి కలిపి చూడాలి.

పనిచేసే వయసు అంటే 15 నుంచి 59 అని లెక్క. 1991లో రాత్రి బడిలో ముప్పై అయిదేళ్లున్న ఆవిడ ఎప్పుడో ఆ గీత దాటేసింది. ఆ లాంతరు చుట్టూ అందరికన్నా చిన్నది, పదిహేనేళ్ల పిల్ల, 2036లో దాటుతుంది.