సైనికుల ఒలింపిక్స్.. మన హైదరాబాద్‌లోనే!

బొల్లారం: యూదు క్రీడాకారులకు మక్కాబియా గేమ్స్ ఉన్నట్టే, సైనికులకూ ఓ ఒలింపిక్స్ ఉంది. అదే వరల్డ్ మిలిటరీ గేమ్స్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 50 ఏళ్లయిన సందర్భంగా 1995లో రోమ్‌లో మొదలైంది. నాలుగేళ్లకోసారి జరుగుతుంది.

2007 అక్టోబర్ 14 నుంచి 21 వరకు నాలుగో ఎడిషన్‌కు హైదరాబాద్ వేదికైంది. ఆసియాలో ఇదే మొదటిసారి. గచ్చిబౌలిలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. సుమారు 100 దేశాల సైనికులు వచ్చారు. సెయిలింగ్ మాత్రం ముంబైలో జరిగింది.

అథ్లెటిక్స్, బాక్సింగ్‌తో పాటు మిలిటరీ పెంటాథ్లాన్ దీని ప్రత్యేకత. షూటింగ్, అడ్డంకుల పరుగు, అడ్డంకుల ఈత, గ్రెనేడ్ విసరడం, క్రాస్ కంట్రీ.. ఇలా ఐదు పరీక్షలు. బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్ వాసులకు రోజూ కనిపించే సైనిక శిక్షణే ఇక్కడ ఆటగా మారింది. యుద్ధభూమిలో ఎదురుపడాల్సిన వాళ్లు మైదానంలో చేతులు కలపాలన్నదే ఈ పోటీల ఉద్దేశం.