మణికట్టు నొప్పియు, మౌస్ రూపమును

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలో నేడు రెండు రకముల చేతిపని జరుగుచున్నది. ఒక ప్రహరీ వెనుక లేత్ యంత్రము ముందు నిలిచి ఇనుప కడ్డీని చెక్కు కార్మికుడు కనబడును. కొంత దూరమున అద్దాల మేడలో, కంప్యూటరు ముందు కూర్చుండి దూరదేశపు సంస్థల లెక్కలు సరిచూచు ఉద్యోగి కనబడును. మొదటివాని చేతికి రాగల ప్రమాదము కంటికి తెలియునట్టిది: గాయము, రక్తము, కట్టు. రెండవవాని చేతిలో నున్నది గుప్పెటలో పట్టు చిన్న పరికరము. దానివలన చేయి నొచ్చుచున్నదనిన చాలమంది నవ్వుదురు.

కాని ఆ నొప్పి నిజమైనదే. మొదట మణికట్టు పైభాగమున లాగినట్లుండును. కొన్ని నెలలకు ముంజేయి మండును. కొందరికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కును. అర్ధరాత్రి మెలకువ వచ్చి చేయి విదిలించుకొననిదే నిద్ర పట్టదు. ఇట్టివారికై అంగళ్లలో ప్రక్కకు వంచిన మౌస్, నిలువుగా నిలిపిన మౌస్, బంతి పొదిగిన మౌస్ అమ్ముచున్నారు. వీటిని ఎర్గొనామిక్ మౌస్‌లందురు. వీటివలన నొప్పి తగ్గునా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో మౌస్ చరిత్రకంటె వెనుకకు, కలము చరిత్రలోనికి పోవలెను.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 1713 నాటి విస్తృత ప్రతిలో ఆయన లేఖకులను గూర్చియు వ్రాసెను. వారి బాధకు ఆయన మూడు కారణములు చూపెను: ఎల్లప్పుడు కూర్చుండుట, చేతిని ఒకే తీరున ఆడించుచుండుట, తప్పు దొరలునేమోయని మనస్సు బిగబట్టియుండుట. నేటి లెక్కల గుమాస్తాకు ఈ మూటిలో ఏ ఒక్కటియు తప్పలేదు. కుడిచేయి పనికిరాకుండ పోగా ఎడమచేత వ్రాయ నేర్చుకొన్న ఒక లేఖకుని కథ కూడ ఆయన చెప్పెను. కొంతకాలమునకు ఎడమచేతికిని అదే బాధ పట్టుకొనెను.

పందొమ్మిదవ శతాబ్దిలో తంతివార్త వచ్చినది. మోర్స్ మీటను దినమంతయు నొక్కు ఉద్యోగుల చేతులు బిగుసుకొని పోసాగెను. బ్రిటనులో 1908లో ఈ వ్యాధిని నష్టపరిహారము పొందదగిన వృత్తివ్యాధులలో చేర్చిరి. పిమ్మట దీనిని విచారించిన సంఘము 1911లో నివేదిక నిచ్చెను. పదేపదే ఒకే పని చేయుటవలని అలసట ఒక కారణమనియు, ఉద్యోగి నరముల స్వభావములోని దుర్బలత మరియొక కారణమనియు ఆ సంఘము తలచెను. ఈ రెండవ మాట చాల దూరము పోయినది. నొప్పి చెప్పుకొన్నవాడు సోమరియో, పిరికివాడో అను అనుమానము నాటినుండి ఇట్టి ఉద్యోగులను వెంటాడుచునే యున్నది. 1980 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రేలియాలో టైపు కొట్టువారికి చేతినొప్పులు విస్తారముగ వచ్చినపుడును ఇదే వాదము మరల చెలరేగినది.

ఇక మౌస్ సంగతి. దాని తొలిరూపమును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా, బిల్ ఇంగ్లిష్ 1964లో నిర్మించెను. అది ఒక కొయ్య డబ్బా. అడుగున ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములు, పైన ఒక మీట, వెనుక తోకవలె ఒక తీగ. అందువలననే దానిని ఎలుక యనిరి. ఆ పరిశోధకులు దీనిని కాంతికలముతోను, మోకాలితో నడుపు పరికరముతోను, మరికొన్నింటితోను పోల్చిచూచిరి. అలవాటు పడినవారి చేతిలో మౌస్ గెలిచినది. అయితే ఆ పోటీలో ముఖ్యముగ కొలిచినవి వేగము, తప్పుల సంఖ్య. పది సంవత్సరములు, దినమునకు ఎనిమిది గంటలు పట్టుకొన్నచో చేయి ఏమగునను ప్రశ్న అప్పటికి పుట్టలేదు. పుట్టవలసిన అవసరమును లేదు. అది పరిశోధకుల బల్లపైనున్న వస్తువు మాత్రమే.

విచిత్రమేమనగా, నేడు నొప్పికి విరుగుడుగా అమ్ముచున్న బంతి పరికరము మౌస్‌కంటె పాతది. 1952లో కెనడా నౌకాదళము కొరకు తయారైన దాతార్ అను యంత్రములో, ఆటలో దొర్లించు బంతినే అమర్చి, అరచేతితో త్రిప్పిరి.

ఆ రోజులలో మన దేశమున కంప్యూటరు తయారీ ఇంకను మొలకెత్తుచుండెను. నాచారమునకు కొలది కిలోమీటర్ల దూరమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. దానికి మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. ఆ చేరువనున్న ఏ. ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసినదే. 1969లో అచట తయారైన టి.డి.సి.-12 కంప్యూటరుకు మౌస్ లేదు. అమెరికాలో జిరాక్స్ సంస్థ 1981లోను, యాపిల్ సంస్థ 1983, 1984 సంవత్సరములలోను మౌస్‌తో కూడిన యంత్రములు విక్రయించిన తరువాతనే అది ప్రపంచపు బల్లలపైకి ప్రాకినది. 1961లో స్థాపితమై ఉప్పల్ రోడ్డున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవంటి చోట్ల ఒకప్పుడు కాగితముపై పెన్సిలుతో గుర్తించు అలల రేఖలను నేడు తెరపై మౌస్‌తో గుర్తింతురు. పని మారినది, చేయి మారలేదు.

ఆ చేతిని కొంచెము పరీక్షించి చూడవలెను. విద్యార్థి తన ముంజేతిని బల్లపై నుంచి, బొటనవ్రేలు మింటివైపు చూచునట్లు నిలుపవలెను. కరచాలనమునకు చాచిన చేయి ఇట్లే యుండును. ఇపుడు రత్ని, అరత్ని అను ముంజేతి యెముకలు రెండును ఇంచుమించు ప్రక్కప్రక్కన నున్నవి. అరచేతిని బల్లవైపు బోర్లించినచో రత్ని అరత్నిపైకి అడ్డముగ తిరుగును. రెండవ చేతితో ముంజేతిని పట్టుకొన్నచో ఆ తిరుగుట వ్రేళ్లకు తెలియును. మామూలు మౌస్ పట్టినవాడు గంటలకొలది ఈ తిరిగిన స్థితిలోనే యుండును. అంతేగాక మణికట్టు వెనుకకు వంగి, చిటికెనవ్రేలి వైపునకు కొంత ప్రక్కకును పోవును.

మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు తొట్టివలె అమరియున్నవి. ఆ తొట్టిపై గట్టి పట్టీ యొకటి కప్పుగా నున్నది. ఈ ఇరుకు సొరంగము గుండ వ్రేళ్లను ముడుచు 9 స్నాయువులు, అనగా కండరములను ఎముకలకు కట్టు తెల్లని త్రాళ్లు, వాటితోబాటు మధ్యస్థ నాడి పోవుచున్నవి. లోపల పీడనము హెచ్చినచో త్రాళ్లు ఓర్చుకొనును, నాడి ఓర్చుకొనలేదు. బొటనవ్రేలినుండి మూడున్నర వ్రేళ్ల స్పర్శ ఈ నాడిదే గావున తిమ్మిరి ఆ వ్రేళ్లకే వచ్చును. 1999లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 14 మంది ఆరోగ్యవంతుల మణికట్టులోనికి సన్నని గొట్టము పోనిచ్చి పీడనమును కొలిచిరి. చేతిని మౌస్‌పై ఊరక ఉంచినపుడు సుమారు 17 నుండి 19 మిల్లీమీటర్ల పాదరస పీడనము కనబడినది. మీట నొక్కిపట్టి లాగునపుడు అది 29 నుండి 33 వరకు పెరిగినది.

పనిని పనివానికి అనుగుణముగ దిద్దు శాస్త్రమునకు ఎర్గొనామిక్స్ అని పేరు. ఈ పదమును 1857లో పోలెండు దేశపు వోయ్‌చెఖ్ యాస్త్‌షెంబోవ్‌స్కీ వాడెను. 1949లో బ్రిటనులో ఒక పరిశోధక సంఘము ఏర్పడిన పిదప అది వ్యాప్తికి వచ్చినది. 2002 ప్రాంతమున అంగడికి వచ్చిన నిలువు మౌస్ ఈ శాస్త్రపు తర్కమునకు చక్కని ఉదాహరణము: కరచాలనపు భంగిమలోనే చేతిని ఉంచినచో ముంజేయి మెలితిరుగదు గదా!

తర్కము బాగున్నది. ఫలితము మాత్రము అంత సులభముగ చిక్కలేదు. సొరంగములో నాడి నొక్కుకుపోయిన 21 మంది రోగులకు నిలువు మౌస్, మెత్తని దిండు మొదలగునవి ఇచ్చి లోపలి పీడనమును కొలిచిన పరిశోధన 2015లో వెలువడినది. నిలువు మౌస్‌వలన మణికట్టు ప్రక్కకు వంగుట తగ్గినది, కాని పీడనము తగ్గలేదు. మరియొక వంక, డెన్మార్కులో సుమారు 7,000 మందిని ఒక సంవత్సరము పాటు గమనించిన పరిశోధన 2003లో వెలువడినది. కంప్యూటరు పని ఈ నాడీవ్యాధికి పెద్ద కారణము కాదని అందు తేలినది. అయినను వారమునకు 20 గంటలకు మించి మౌస్ పట్టువారి విషయములో కొంత సంబంధము కనబడినది. మౌస్ పట్టినవారి నొప్పులన్నియు ఈ ఒక్క వ్యాధియే యని తలచుట పొరపాటు. అందు చాల భాగము కండరముల అలసట, స్నాయువుల వాపు.

ఉప్పల్ కార్యాలయములకు మిక్కిలి దగ్గరి పరీక్ష అమెరికాలో జరిగినది. టెలిఫోనులో జవాబులు చెప్పుచు కంప్యూటరుపై పనిచేయు 182 మంది ఉద్యోగులను నాలుగు జట్లుగా చేసి, ఒక సంవత్సరము చూచి, 2006లో ఫలితములు ప్రకటించిరి. కొందరికి కూర్చుండు విధము మాత్రము నేర్పిరి. కొందరికి బంతి పరికరము, కొందరికి ముంజేతికి ఆనుగా బల్ల అంచున బిగించు వెడల్పు పలక, కొందరికి రెండును ఇచ్చిరి. మెడ, భుజముల బాధలను స్పష్టముగ తగ్గించినది ఆ పలక. బంతి పరికరము ప్రధానముగ ఎడమచేతి బాధలను తగ్గించినది. అనగా మౌస్ రూపముకంటె ముంజేతి బరువు దేనిపై ఆనుచున్నదన్నది ముఖ్యమైనది. భుజము మోయుచున్న ఆ బరువును గూర్చి మౌస్ కొనువాడు సాధారణముగ ఆలోచింపడు.

ఉప్పల్ మీదుగా వరంగల్లు పోవు రహదారిపైననే ఆలేరు ఉన్నది. ఆ మండలములోని శారాజీపేటలో చింతకింది మల్లేశము అను నేతవాని తల్లి లక్ష్మి ఆసు పోయుచుండెడిది. రంగులద్దుటకు ముందు దారమును అర్ధచంద్రాకారముగ నిలిపిన మొలల చుట్టు త్రిప్పుటయే ఆసు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు పోవలెను. నాలుగైదు గంటలు పట్టును. తల్లి భుజము, మోచేయి నొప్పి చూడలేక ఆయన కొన్ని సంవత్సరములు శ్రమించి 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచెను. దానికి తల్లి పేరే పెట్టెను. చీర ఆసు గంటన్నరలో పూర్తియగుచున్నది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఆసు యంత్రము చేయి త్రిప్పవలసిన కోణమును మార్చలేదు. ఆ 9,000 త్రిప్పులను తానే తీసికొన్నది. మౌస్ ఎంత వంచినను నొక్కుల సంఖ్య అంతే. నొక్కులను తగ్గించు మార్గములు కార్యాలయమున వేరే యున్నవి: మౌస్‌తో చేయు పనులలో కొన్నింటిని మీటలపైనుండి చేయుట, ముంజేయి పూర్తిగ ఆనునట్లు బల్లను సరిచేయుట, మౌస్‌ను మోచేతికి చేరువగ ఉంచుట, గంట కాకముందే లేచి నడచుట. రమజ్జీని చెప్పిన లేఖకుని జ్ఞాపకముంచుకొన్నవారు ఎడమచేతికి మార్చినను పనిని తగ్గింపక మానరు. వీటిలో మౌస్ కొనుట ఉద్యోగి చేతనగును. గంటకు ఇన్ని లెక్కలు ముగింపవలెనను నియమమును సడలించుట యజమాని చేతిలోనిది. వ్రేళ్ల తిమ్మిరి రాత్రులు నిద్ర చెరచుచున్నను, బొటనవ్రేలి మొదట కండ పలుచబడినను క్రొత్త మౌస్ కొరకు అంగడికి గాక వైద్యుని యొద్దకు పోవలెను. నాడి చాలకాలము నలిగినచో శస్త్రచికిత్స తరువాతను దాని శక్తి పూర్తిగ తిరిగిరాకపోవచ్చును.