గుండె కోసం పుట్టిన మాత్ర

మేము తమిళంలో చదువుకున్నోళ్ళం, రాతలో తప్పుంటే మన్నించండి. ఈసారి రాసేది మగవాళ్ళు నలుగురిలో మాట్లాడని సంగతి.

పోయిన నెల హోసూరులో పొద్దున నడకకు వచ్చే పెన్షనర్ అన్న ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచినాడు. "ఈ మాత్ర పని చేయలేదప్పా, అంగట్లో ఇంకోటి ఇచ్చినారు, మార్చేదా?" అన్నాడు. ఆయన చొక్కా జేబులో నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర కూడా ఉంది. చూసి మాకు భయమైంది. అందుకే ఈ చరిత్ర.

మా వయసు దినాల్లో బస్టాండు గోడల మీద రహస్య వైద్యుల పోస్టర్లు ఉండేవి. లాడ్జీలో దిగి, కుర్రతనంలో చేసిన తప్పని భయపెట్టి, లేహ్యం అమ్మి పోయేవాళ్ళు. అది రక్తనాళాల సంగతి అని చెప్పినోళ్ళు లేరు.

ఇంగ్లండులో శాండ్‌విచ్ అనే ఊర్లో ఫైజర్ కంపెనీవాళ్ళు గుండెనొప్పికి సిల్డెనఫిల్ అనే మందు వెతికినారు. గుండెనొప్పికి పెద్దగా పనికిరాలేదు, పరీక్షకు వచ్చిన మగవాళ్ళలో వేరే గుణం కనబడింది. 1998 మార్చిలో అమెరికా అనుమతి ఇచ్చింది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ పని కనుక్కున్నోళ్ళకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. టడలఫిల్ 2002లో యూరప్‌కు, 2003లో అమెరికాకు వచ్చింది. మన 1970 పేటెంటు చట్టం మందుకు కాకుండా తయారుచేసే పద్ధతికే హక్కు ఇచ్చింది కాబట్టి, మన కంపెనీలే తక్కువ ధరకు చేసి అమ్మినాయి.

మరి మార్చేది ఎప్పుడు? ఒక్క రాత్రి చూసి తీర్మానించకూడదు. సిల్డెనఫిల్ గంట ముందు వేసుకోవాల, నెయ్యి, మాంసం బాగా తిన్నాక వేసుకుంటే ఆలస్యమైతుంది. మనసులో కోరిక లేకుంటే ఏ మాత్రా పని చేయదు. డాక్టరు చెప్పిన మోతాదులో ఏడెనిమిది సార్లు చూసినా ఫలితం లేకుంటే, తలనొప్పి, చూపులో నీలిరంగు వంటివి ఓర్చుకోలేకుంటే, అప్పుడు అడగండి. గడియారం చూసుకోవడం విసుగైతే టడలఫిల్ ఉంది, 36 గంటల దాకా పని చేస్తుంది, తిండితో ఇబ్బంది లేదు. ప్రోస్టేటు మూత్రబాధకూ 2011లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అయితే దానితో కొందరికి నడుమునొప్పి వస్తుంది. రెండూ కలిపి మింగకూడదు.

గుండెకు సార్బిట్రేట్ వంటి నైట్రేటు వాడేవాళ్ళకు మాత్రం మార్చే మాటే లేదు, రెండు మందులూ వద్దు. బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. మాత్ర వేసుకున్నాక గుండెనొప్పి వస్తే ఏది, ఎప్పుడు వేసుకున్నారో ఆస్పత్రిలో దాచకుండా చెప్పండి. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వంటివి వాడితే, కిడ్నీ, లివరు బాధ ఉంటే, ముందే చెప్పాల.

ఇంకో మాట. ఈ బలహీనత షుగరుకు, గుండె జబ్బుకు ముందు గంట కావచ్చు. మాత్ర మార్చక ముందు రక్తపరీక్ష చేయించండి.

ఆ అన్నను మేమే డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయినాము. అంగడి మాత్ర మింగనందుకు ఇప్పటికీ మాకు సంతోషమే. సిగ్గు పడొద్దు, అడగండి.