వలందుల ఊళ్ళో ధనుర్మాసం

మా సామర్లకోటలో చలి అంటే ఏముంది చెప్పండి? తెల్లవారుజామున భీమేశ్వరుడి కోనేటి మీద పల్చగా పొగమంచు, కళ్ళాపి చల్లుతూంటే వేళ్ళు కాస్త జివ్వుమనడం, స్టేషన్లో రైలు కోసం నించున్న మగవాళ్ళ చెవులకి మఫ్లర్లు. అంతే. పది గంటలయ్యేసరికి ఫాను వేసుకోవలసిందే. అటువంటి ఊళ్ళో అరవై ఏళ్ళు గడిపినదాన్ని పట్టుకెళ్ళి నవంబరు నెలలో హాలెండులో దింపారు మా అమ్మాయీ అల్లుడూ. వేసవిలో రమ్మనకూడదుటే అంటే, "చలికాలమే బాగుంటుందమ్మా, పండగలన్నీ అప్పుడే. సెలవుల్లో నాలుగు ఊళ్ళు తిప్పుతాం" అంది అమ్మాయి.

చెప్పొద్దూ, మొదటి పది రోజులూ నాకు ఏడుపొక్కటే తక్కువ. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఎనిమిదీ ముప్పావుకి గాని రాడు. నాలుగున్నరకల్లా సర్దుకుని వెళ్ళిపోతాడు. ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ ఇంత తక్కువ డ్యూటీ నేను చూడలేదు. ధనుర్మాసం పెట్టగానే వాకిట్లో ముగ్గేద్దామని తలుపు తీస్తే మెట్లనిండా గాజుపలకలా ఐసు. ముగ్గు మాట దేవుడెరుగు, కాలు విరక్కుండా లోపలికి వచ్చి పడ్డాను.

అయితే ఆ చలిదేశపు పండగలు నన్ను తిన్నగా మన గోదావరి గట్టుకే తెచ్చి దింపుతాయని అప్పటికి నాకు తెలీదు.

మొదటిది సింటర్‌క్లాస్ పండగ. నికొలాస్ అనే పుణ్యపురుషుడి పేరున చేస్తారు. క్రిస్మస్ తాత వేరు, ఈయన వేరు. నిజానికి ఈయన పేరే అమెరికా వెళ్ళి శాంటాక్లాజ్ అయిందిట. నవంబరు మధ్యలో స్పెయిన్ నించి పొగ ఓడలో వస్తాడని పిల్లలకి చెబుతారు. ఎర్రటి అంగీ, పొడుగు టోపీ, తెల్లగుర్రం. మేమున్న లైడెన్‌లో కాలవ గట్టు పొడుగునా జనం, మన తీర్థంలో రథం కోసం నించున్నట్టే. అక్కణ్ణించి పిల్లలు రాత్రిళ్ళు పొయ్యి దగ్గర బూటు పెట్టి, అందులో గుర్రానికని ఓ కేరట్టు ఉంచి పడుకుంటారు. తెల్లారేసరికి కేరట్టు పోయి మిఠాయి వస్తుంది. (కేరట్టు ఎవరు తిన్నారని అడక్కండి. మా ఇంట్లో అయితే సాంబార్లోకి వెళ్ళింది.) డిసెంబరు 5 రాత్రి అసలు కానుకలు. కానుక ఒక్కటీ ఇస్తే చాలదు, పుచ్చుకునేవాళ్ళని ఎత్తిపొడుస్తూ నాలుగు చరణాలు రాసి నలుగురిలో చదివించాలి. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళ మీద పాడే పాటలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఊరేగింపులో ఆయన అనుచరులు గోనెసంచుల్లోంచి దోసిళ్ళతో చిన్నచిన్న బిస్కెట్లు తీసి పిల్లల మీదికి చల్లుతారు. నేను ఉలిక్కిపడ్డాను. ఇది భోగిపళ్ళు కాక మరేమిటండీ? రేగిపళ్ళూ చెరకుముక్కలూ లేకపోవడమే తేడా.

ఆ అనుచరుల సంగతి ఒకటుంది. 1850లో యాన్ స్కెంక్మన్ అనే ఆంస్టర్‌డాం బడిపంతులు రాసిన పిల్లల పుస్తకంలో సింటర్‌క్లాస్ వెంట ఓ నల్ల నౌకరు వస్తాడు. అప్పటికింకా వాళ్ళ సూరినాంలో బానిసలున్నారు. అక్కడ 1863కి గాని బానిసత్వం రద్దు కాలేదు. తరవాత తరతరాలుగా ఆ వేషం కట్టేవాళ్ళు ముఖానికి నల్లరంగు దట్టంగా పులుముకునేవారు. ఇటీవల గొడవలై చాలా ఊళ్ళలో మానేశారు. పొగగొట్టంలోంచి దిగాడు గనక మసి అంటుకుందన్నట్టు బుగ్గల మీద నాలుగు చారలతో సరిపెడుతున్నారు. ఏదో సరదా వేషానికి ఇంత రభస ఎందుకని నేనూ అనుకున్నాను. ఆ రాత్రి అమ్మాయి చెప్పింది, కిందటేడు బళ్ళో ఓ కుర్రాడు మా మనవరాలితో "నువ్వైతే రంగు పూసుకోనక్కర్లేదు" అన్నాడుట. వాడికీ ఐదేళ్ళే, పాపం. అయినా ఆ తరవాత నాకు వేషం సరదాగా కనపడలేదు.

బిస్కెట్ల దగ్గరికి వస్తాను. వాటిని పేపర్‌నోటెన్ అంటారు. కాగితానికీ దానికీ సంబంధం లేదు, వాళ్ళ భాషలో పేపర్ అంటే మిరియం. స్పెకులాస్ అని అదే పోలికలో ఇంకో పల్చటి రకం ఉంది. ఒకటి నోట్లో వేసుకున్నానో లేదో, మా నాన్నగారి తాంబూలం పెట్టె మూత తీసినట్టయింది. లవంగం, జాజికాయ, జాపత్రి, ఏలకులు, దాల్చినచెక్క, అన్నీ ఉన్నాయి.

పక్కింటావిడ డెబ్భై ఐదేళ్ళ మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఒకప్పుడు బళ్ళో చరిత్ర చెప్పేదిట. మధ్యాహ్నాలు కాఫీకి పిలిచేది. (కప్పు కాఫీకి ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. అది వాళ్ళ మర్యాద, పిసినారితనం అనుకోకూడదు. మొదట్లో నేనూ అనుకున్నాననుకోండి.) "ఈ దినుసులన్నీ మా దేశానివే కదూ" అన్నాను కాస్త గర్వంగా, అమ్మాయి చేత చెప్పించి. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. మిరియాలూ ఏలకులూ సరే. లవంగాలూ జాజికాయలూ అప్పట్లో మలక్కాస్ అనే తూర్పు దీవుల్లో తప్ప పండేవి కావు. "అక్కడ వాటిని మావాళ్ళు దేనితో కొన్నారో తెలుసా? వెండితో కాదు. మీ గుడ్డలతో!" అంది.

ఆ మాట పట్టుకుని ఆ నెలంతా అల్లుడి చేత పుస్తకాలు తెప్పించుకున్నాను. నిజమే. ఆ దీవులవాళ్ళకి కావలసినది మన కోరమాండల్ తీరపు నూలుబట్ట. అది లేకపోతే మలక్కాస్ వ్యాపారమే చచ్చిపోతుంది, ఈ తీరం ఆ దీవులకి ఎడమచెయ్యి లాంటిది అని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి 1612లోనే రాశాడు. జాజికాయ పండే బాందా దీవుల్ని మాత్రం గుడ్డలతో సరిపెట్టలేదు. 1621లో యాన్ పీటర్‌జూన్ కూన్ అనే ఆయన సైన్యంతో వెళ్ళి, అక్కడి ప్రజల్ని వేలమందిని మట్టుపెట్టి, చాలామందిని బానిసలుగా బటావియాకి తరలించి, తోటల్ని తనవాళ్ళకి పంచిపెట్టాడు. హూర్న్ అనే ఊళ్ళో ఆయన విగ్రహం నడిబజార్లో నిలబడి ఉంది. ఆయన పుట్టిన ఊరు. తీసెయ్యాలనేవాళ్ళూ ఉన్నారు, ఉండనీయమనేవాళ్ళూ ఉన్నారు. మేం వెళ్ళినరోజున దాని చుట్టూ క్రిస్మస్ దీపాలు, బెల్లపు రొట్టె లాంటిదేదో అమ్ముతున్నారు. అందులోనూ జాజికాయే.

ఇక మన సంగతి. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరారు. 17వ శతాబ్దంలో పాలకొల్లులోనూ ద్రాక్షారామంలోనూ వ్యాపార స్థావరాలు పెట్టారు. తరవాత కాకినాడ పక్కన జగన్నాథపురం వాళ్ళదైంది. చూశారా, మా సామర్లకోట భీమేశ్వరుడితో కలిపి పంచారామాలు ఐదైతే, అందులో రెండు చోట్ల వలందులు కాపరం పెట్టారన్నమాట. మా ఊరికి మాత్రం ఇంగ్లీషువాళ్ళ దండు వచ్చింది. నా చిన్నప్పుడు ద్రాక్షారామం వెళ్తే మా నాన్నగారు డచ్చివాళ్ళ గోరీలున్న చోటు చూపించి "అదే ఒలాండు దిబ్బ" అన్నారు. ఒలాండు అంటే ఎవరో రాక్షసుడి పేరనుకుని ఆయన ఉత్తరీయం పట్టుకున్నాను. హాలెండు అని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది!

మన పల్లెల్లో నేసిన బట్ట పడవల మీద రేవుకి, రేవు నించి ఓడల మీద బటావియాకి, అక్కణ్ణించి దీవులకి, కొంత తిన్నగా యూరప్‌కీ వెళ్ళేది. బయానాల లెక్కలు కంపెనీ చిట్టాల్లో ఉన్నాయి. ఇంట్లో కూచుని ఆ నూలు వడికిన ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? గుడ్డ ఒక్కటే కాదు, కరువు ఏళ్ళలో ఈ తీరాన తిండికి లేక అమ్ముడుపోయిన మనుషుల్నీ ఆ ఓడలే మోసుకుపోయాయి. చివరికి 1824లో లండన్‌లో కుదిరిన ఒడంబడిక ప్రకారం 1825లో డచ్చివారు ఇక్కడి తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? నరసాపురం దగ్గర మాధవాయపాలెం గుడ్డ ఎంత పేరుపడిందంటే, మాదపోలం అనే మాట ఐరోపా భాషల్లో బట్టపేరుగా నిలిచిపోయింది. ఊరికన్నా గుడ్డే ఎక్కువమందికి తెలుసు.

క్రిస్మస్ అక్కడ రెండు రోజులు, 25నా 26నా. ఆ సెలవుల్లోనే ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కి కార్లో వెళ్ళాం. కాలవలు గట్టిగా గడ్డకట్టిన ఏడు 11 ఊళ్ళు కలుపుతూ 200 కిలోమీటర్లు ఐసు మీద జారుతూ వెళ్ళే పందెం ఒకటి ఉంది. 1997 తరవాత మళ్ళీ జరగలేదు, అంత మందాన ఐసు కట్టడం లేదుట. ప్రతి చలికాలమూ జనం ఆశగా చూస్తారు, మనం వేసవి చివర వానమబ్బు కోసం చూసినట్టు. ఆ 11 ఊళ్ళలో ఒకటి హిండెలోపెన్. సముద్రపుగట్టు పక్కన బొమ్మరిల్లంత ఊరు. అక్కడ పాతకాలపు ఆడవాళ్ళ దుస్తులు చూడ్డానికి మ్యూజియంలోకి వెళ్ళాను.

అద్దం వెనక ఓ పొడుగు కోటు. తెల్లటి నేల మీద ఎర్రటి పువ్వులూ లతలూ. నేను ఆగిపోయాను. అది మన అద్దకం! వాళ్ళు దాన్ని సిట్స్ అంటారు. మన చిన్నప్పటి చీటీ పరికిణీలో చీటీ, ఆ సిట్స్, రెండూ ఒక్క మాటే. 300 ఏళ్ళ నాటి గుడ్డలు మొన్న కుట్టించినట్టున్నాయి. ఎందుకుండవు? ముందు కరక్కాయా పాలూ పట్టించి, పటికతో పువ్వు గీసి, సిరివేరుతో ఉడకబెట్టి ఎరుపు తేవాలి. నీలం కావలసిన చోటు తప్ప మిగతాదంతా మైనం పూసి నీలితొట్టెలో ముంచాలి. మధ్యలో ఎన్ని ఉతుకులో, ఎన్ని ఎండలో. 17వ శతాబ్దంలో మన తీరాన ఉన్న డేనియల్ హావర్ట్ అనే డచ్చాయన, ఈ పని నత్తనడకన సాగుతుందని తన 1693 నాటి పుస్తకంలో రాశాడు. ఆయనకేం, పక్కన నించుని చూసేవాడు. ఫ్రాన్సు, ఇంగ్లండు ఈ బట్టల ధాటికి తమ నేతగాళ్ళు చెడిపోతున్నారని నిషేధాలు పెట్టాయి. హాలెండు పెట్టలేదు. ఈ కోట్లు మిగలడానికి అదీ ఓ కారణం కావచ్చు.

పక్క అద్దంలో అదే పనితనం, కాని ఎరుపు లేదు. అంతా నీలం. అల్లుడు చీటీ చదివి చెప్పాడు. "అది దుఃఖం నాటి దుస్తులండీ అత్తయ్యగారూ. ఇంట్లో ఎవరైనా పోతే ఎరుపు మానేసి నీలం వేసుకునేవారట. కాలం గడిచేకొద్దీ మళ్ళీ రంగులు."

నేను చాలాసేపు అక్కడే నించున్నాను. మా అమ్మమ్మకి పందొమ్మిదో ఏట తాతయ్య పోయారు. తరవాత అరవై ఏళ్ళూ తెల్లపంచే. రంగు అన్నది మళ్ళీ ఆవిడ ఒంటి మీదికి రాలేదు. ఆవిడ పెట్టె అడుగున మాత్రం ఓ ఎర్రటి చీటీ రవికె గుడ్డ ఉండేది. మేం పిల్లలం అడిగితే "ముట్టుకోకండే" అనేది, అంతే. కంపెనీ పంపిన నమూనా చూసి ఆ నీలిపువ్వులు గీసిన అద్దకంవాడికి, అవి ఎక్కడో చలిదేశంలో ఏ ఆడమనిషి దుఃఖానికో అని తెలుసో లేదో. తెలిస్తే ఏమనుకునేవాడో.

కొత్తసంవత్సరం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 31 రాత్రి ఓలీబొల్లెన్ వండుతారు. నూనె ఉండలని అర్థం. పులిసిన పిండిలో ఎండుద్రాక్ష వేసి నూనెలో దేవిన బోండాలే, పైన పంచదార పొడి. ఆరు తిన్నాను. మర్నాడు వేలమంది గడ్డకట్టే సముద్రంలో గంతేసి స్నానం చేస్తారు. మన మాఘస్నానం వాళ్ళ ముందు దిగదుడుపు.

జనవరి మొదట్లో పండగైన క్రిస్మస్ చెట్లన్నీ పోగేసి మైదానంలో మంట పెడతారు. చుట్టూ పిల్లల కేకలు. భోగిమంటకి వారం ముందే భోగిమంట చూశాను. అమ్మాయి "పిడకల దండ ఒక్కటే తక్కువమ్మా" అంది.

భోగినాడు మనవరాలికి పళ్ళు పొయ్యాలి. రేగిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? పక్కింటావిడ దాచిపెట్టిన పేపర్‌నోటెన్ పొట్లం తెచ్చిచ్చింది. అందులో చిల్లరా పువ్వులూ కలిపి హారతిచ్చి, ఆవిడ చేత కూడా పోయించాను. పేరంటానికి పిలవచ్చా పిలవకూడదా అని ఒక్క క్షణం నా మనసు ఊగింది, అబద్ధమెందుకు. అమ్మమ్మని ఇలాంటప్పుడు వంటింట్లోనే ఉంచేసేవారు.

వెళ్ళేముందు ఆవిడకి పెడనలో కొన్న ఎర్రటి కలంకారీ గుడ్డ ఒకటి బొట్టుపెట్టి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఎప్పుడు వేసుకోవాలని అడిగింది.

"ఎప్పుడైనా వేసుకోవచ్చని చెప్పవే" అన్నాను అమ్మాయితో. మనవరాలు అప్పటికే జుట్టులో చిక్కుకున్న బిస్కెట్లు ఏరుకుని తినేస్తోంది.