మస్తాన్ బాబు గుండె

జనగామ నుంచి హైదరాబాద్ రైలెక్కితే దారిలో భువనగిరి గుట్ట కనిపిస్తుంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కొండెక్కే ఓనమాలు దిద్దుకున్నది ఆ బండ మీదే. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలకూ ఎక్కడం నేర్చుకునేవాళ్లు తాళ్లు భుజాన వేసుకుని వస్తున్నారు. మహబూబాబాద్ తండాల నుంచీ కుర్రాళ్లు మంచుకొండల బాట పడుతున్నారు. వీళ్ల ముందు పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు పేరెత్తితే మనం ఆయన ఏడు శిఖరాల రికార్డు దగ్గరే ఆగిపోతాం. మిగతాదీ చెప్పాలి.

నెల్లూరు జిల్లా గాంధీ జన సంఘంలో 1974లో పుట్టారాయన. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకునే రోజుల్లో, అదే బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు విగ్రహం ఆయన మనసులో నాటుకుంది. ఆ సైనికుడు 1985లో ఎవరెస్ట్ మీద ప్రాణాలు వదిలాడు. చావును చూసి భయపడాల్సిన వయసులో ఈ పిల్లవాడు కొండను ప్రేమించాడు.

2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్, జూలై 10న అలాస్కాలోని డెనాలీ. మధ్యలో ఎవరెస్ట్‌తో కలిపి మరో ఐదు. ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు 172 రోజుల్లో! అవీ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో. ఎంత ముచ్చటైన లెక్క!

ఆయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ఎత్తులో గుండెకు జరిగేదీ కరెంటు సంగతే. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సగం. ఆక్సిజన్ చాలక నరాలు గుండెలో కరెంటు పుట్టే సైనస్ నోడ్‌ను తరుముతాయి. కూర్చున్నా గుండె దడదడలాడుతుంది. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుని కుడి జఠరిక మీద బరువు పడుతుంది. ఈసీజీలో విద్యుత్ దిశ కుడికి ఒరుగుతుంది, ఛాతీ కుడివైపు లీడ్లలో టీ తరంగం తలకిందులవుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే గుండె వేగం కూడా దానితోపాటు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది.

ఉదయ భాస్కరరావు పోయిన ఆ 1985లోనే అమెరికాలో వలంటీర్లను పీడనపు గదిలో ఉంచి, గాలిని మెల్లగా ఎవరెస్ట్ శిఖరమంత పలచన చేశారు. వాళ్ల ఈసీజీలు మారాయి గానీ గుండెలు తట్టుకున్నాయి. అయితే అక్కడ తుపాను లేదు, పైగా పక్కనే వైద్యులున్నారు. కొండ మీద చలి తోడైతే లెక్క మారిపోతుంది. ఒంటి వేడి 28 డిగ్రీలకు దిగితే జఠరికలు లయ తప్పి వట్టినే వణికే ప్రమాదం ఉంది.

2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో 6,749 మీటర్ల సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి మస్తాన్ ఒంటరిగా వెళ్లారు. వాతావరణం చెడింది. మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదు. ఆఖరి గంటల్లో ఆ గుండె ఎలా కొట్టుకుందో ఏ కాగితం మీదా గీత పడలేదు. గాయమో, చలో, శ్వాసో చూసి ‘ఇక దిగుదాం’ అనే మనిషి వెంట లేడు. ఆయన సాహసంలో నాకు మింగుడుపడనిది అదొక్కటే. ఏప్రిల్ మొదటి వారంలో దేహం దొరికింది. నెలాఖరుకు సొంతూరు చేరింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు.