కలం బతికింది, విల్లు మూలబడింది

శ్రీకాళహస్తి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి రెండు. ఒకటి వాయులింగం గుడి. రెండోది కలంకారి. ఆ బట్టల మీద రాముడుంటాడు, కృష్ణుడుంటాడు, కన్నప్ప ఉంటాడు. కానీ ఆ పని పేరు మాత్రం ఫార్సీది. కలం అరబ్బీ మాట, కారి ఫార్సీ మాట. కలంతో చేసే పని అని అర్థం. తెలుగులో దీన్నే వ్రాతపని అన్నారు.

ఇక్కడితో ఆగి, చూశారా ఎంత మత సామరస్యమో అని మురిసిపోవచ్చు. సభల్లో అలాగే మురిసిపోతుంటారు. నా ప్రశ్న వేరు. ఆ బొమ్మ కింద ఉన్న బట్ట ఎవరిది?

యంత్రాలు రాకముందు ఒక గజం బట్ట తయారు కావాలంటే ఎన్ని చేతులు పడేవో లెక్కెయ్యండి. రైతు పత్తి పండించాలి. గింజ తీశాక ఆ దూదిని విల్లుతో ఏకాలి. ఆడవాళ్లు ఆ ఏకుల్ని రాట్నం మీద నూలు వడకాలి. సాలెవాళ్లు నెయ్యాలి. అప్పుడుగాని ఆ బట్టను కరక్కాయ రసం కలిపిన పాలలో ముంచడానికి వీల్లేదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు. పటిక పూసినచోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపునిచ్చే చిరివేరు, నీలాన్నిచ్చే నీలిమందు కూడా రైతు చేలోంచో, చేను పక్కనుంచో వచ్చినవే. చివరికి పారే నీళ్లలో, అంటే స్వర్ణముఖిలో ఉతకాలి. ఇంతమంది చెమట మీద నిలబడితేనే ఆ దేవుడి బొమ్మ.

ఈ వరసలో దూది ఏకినవాడే దూదేకుల. పింజారీ అన్నా అతనే. అరబ్బీలో నద్దాఫ్ అన్నా, మన జాబితాల్లో లద్దాఫ్ అని రాసినా అతనే. నూర్‌బాషా అనే పేరు నేతగాడని అర్థమిచ్చే నూర్‌బాఫ్ అనే ఫార్సీ మాట నుంచి వచ్చిందంటారు. ఏ పేరు తీసుకున్నా అందులో వంశం లేదు, పని ఉంది. 922లో బాగ్దాదులో ఉరికంబం ఎక్కిన సూఫీ మన్సూర్ పేరు చివర ఉన్న హల్లాజ్ అంటే కూడా దూది ఏకేవాడనే.

రాట్నం ఈ దేశంలో ఉందనడానికి స్పష్టమైన తొలి ప్రస్తావన 1350లో ఇసామీ రాసిన ఫార్సీ కావ్యంలో ఉందని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపించాడు. ఆ కావ్యం పుట్టింది మన దక్కనులోనే, బహమనీల కొలువులో. రాట్నం ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందన్న దానిపై వాదాలున్నాయి. కానీ చేతి కదురు కంటే రాట్నం ఎన్నో రెట్లు నూలు తీస్తుందన్నదానిపై వాదం లేదు. నూలు ఎక్కువ తీయగలిగితే పత్తి ఎక్కువ కావాలి, ఏకేవాళ్లు ఎక్కువ కావాలి. పనిముట్టు మారితే చేను మారుతుంది, చేనుతోపాటు ఊరూ మారుతుంది. ఒక పని పెరిగిన చోట ఒక కులం స్థిరపడుతుంది.

ఆ బట్ట దేశాలు దాటింది. మన అద్దకం బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ నిషేధాలు పెట్టుకున్నాయి. ఆ గోడ చాటున వాళ్ల యంత్రాలు పెరిగాయి. ఆర్క్‌రైట్ 1769లో నూలు వడికే యంత్రానికి, 1775లో దూది ఏకే యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. 1813లో కంపెనీ గుత్త వ్యాపారం పోయాక లాంకషైరు సరుకు ఈ దేశం మీద వెల్లువలా పడింది. నూలు మిల్లు నుంచి వస్తుంటే ఇంట్లో రాట్నం ఎందుకు? రాట్నం ఆగితే ఏకులెవరికి?

తర్వాత వంతు రంగులది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఎర్రరంగు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు గిరాకీ పడిపోయింది. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. నీలికి పేరుపడ్డ కడప జిల్లా రైతు వేరే పైరు వెతుక్కున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో రాయలసీమ మెట్టచేలను శెనక్కాయ ఆక్రమించింది. చేను, మగ్గం, రంగు తొట్టి ఒకదాన్నొకటి పట్టుకుని బతికిన ఊరు తెగిపోయింది.

విల్లు పట్టినవాడు పరుపులు, దిండ్లు కుట్టడానికి ఊళ్లు తిరిగాడు. మిల్లు తయారీ ఫోమ్ పరుపులొచ్చాక ఆ బేరమూ సన్నగిల్లింది. కొందరు కూలికిపోయారు, కొందరు చిల్లర వ్యాపారాల్లోకి వెళ్లారు. పని పోయింది, పేరు మాత్రం పోలేదు. అదే కులమై మెడకు వేలాడుతోంది.

తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అని సామెత. నవ్వుకుంటూ అనే ఆ మాటలో రెండు దెబ్బలున్నాయి. ఊరు అతన్ని తురక అంటుంది. ఉర్దూ మాట్లాడే మనవాళ్లలో కొందరు అతను సరైన ముస్లిమే కాదంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గనక. సర్కారు జాబితాలోనూ అతను బీసీ బి గ్రూపు. 2007 చట్టంతో ఇతర పేద ముస్లిం కులాలు కొన్ని ఇ గ్రూపులో చేరాయి. కులం లేని మతం మాదని ఎంత చెప్పుకున్నా, ఆ జాబితా చదివితే అందులో కనిపించేది చేతిపనుల చిట్టానే.

1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటివాళ్ల పూనికతో శ్రీకాళహస్తిలో కలంకారి శిక్షణ కేంద్రం వచ్చింది. ఆరిపోబోతున్న విద్య నిలబడింది. 2005-06లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2008లో జొన్నలగడ్డ గురప్పచెట్టికి పద్మశ్రీ ఇచ్చారు. ఇది సంతోషించాల్సిందే. కలం పట్టిన చెయ్యి గౌరవానికి అర్హమైనది. అయితే అదే బట్టకు దూది ఏకిన చేతికి ఏ కేంద్రం తెరిచారు? బొమ్మ కళ అయింది, దాని కింది శ్రమ మాత్రం కులంగా మిగిలింది.

మీరెక్కడి నుంచి వచ్చారని మమ్మల్ని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అరేబియా నుంచి వచ్చామని వంశవృక్షాలు గీసి చూపేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఇద్దరికీ జవాబు ఒకటే. మనలో చాలామందిమి గుర్రాలెక్కి రాలేదు. పత్తిచేల గట్ల మీద, మగ్గం గుంటల పక్కన తయారైనవాళ్లం. ఈ నేల మీద మన హక్కుకు సాక్ష్యం కోటల్లోనూ సమాధుల్లోనూ వెతకనక్కర్లేదు. ఈ ఊళ్ల ఒంటిమీది పాత బట్టలో, పోగు పోగులోనూ అది ఉంది.