కైకిలి నుంచి విత్తనం దాకా: జహీరాబాద్ సంఘాల చరిత్ర

తెలంగాణ వ్యవసాయ చరిత్ర రాసినవాళ్లు దొర గురించి రాశారు, కౌలుదారు గురించి రాశారు, జీతగాని గురించి రాశారు. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసి, గింజను ఎంచి దాచిన స్త్రీని మాత్రం 'రైతు కుటుంబం' అనే మాటలో కలిపేశారు. ఎవరి పేర పట్టా ఉంటే వారే రైతు అన్న రెవెన్యూ దఫ్తరు నిర్వచనాన్ని చరిత్రకారులూ, కథకులూ ప్రశ్నించకుండా ఒప్పుకోవడమే దీనికి కారణం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సేద్యపు కమతాలున్నవారిలో స్త్రీలు నూటికి సుమారు 14 మంది. పొలంలో వంగిన నడుములను లెక్కపెట్టినవారెవరికైనా ఈ అంకె ఎవరి శ్రమను దాస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

పొలంలో పనిచేయడం వల్లనే స్త్రీకి బలం వస్తుందా? వచ్చేటట్లయితే తరతరాలుగా కైకిలికి పోతున్న దళిత స్త్రీ ఈపాటికి ఊరిని ఏలుతుండాలి. అంటే శ్రమ ఒక్కటే చాలదు. ఆ శ్రమకు ఏ హక్కు తోడైతే అది అధికారంగా మారుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి మన జిల్లాలోనే ఒక చరిత్ర ఉంది.

అయితే దానికి పూర్వరంగం మన జిల్లా సరిహద్దులకు అవతల ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న భూమి మీదికి, పండించిన పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చినప్పుడు, సంఘం అండతో ఆమె గింజను దక్కించుకుంది. సాయుధ పోరాట కాలంలో, 1946-51 మధ్య, మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు ఉద్యమ చరిత్ర చెబుతుంది. ఆ పంపకం లెక్క కుటుంబాల లెక్క. పోరాటం ముగిశాక స్త్రీలను ఇళ్లకు వెళ్లిపొమ్మన్న తీరు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వారి నోటనే నమోదయింది. భూమి కోసం కొట్లాడిన చేతికి భూమి రాలేదు.

తర్వాత వచ్చిన చట్టాలూ అదే దారి పట్టాయి. 1973 నాటి భూసంస్కరణల చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టింది. తర్వాతి సవరణ మేజరైన కొడుకు ఉన్న కుటుంబానికి ఆ పరిమితిని పెంచింది. మేజరైన కూతురు ఆ లెక్కలోకి రాలేదు. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది. అదే నెల 10న ఐలమ్మ కన్నుమూసింది. ఆ చట్టం ముందడుగే. కానీ తండ్రికే సెంటు భూమి లేని కూలి బిడ్డకు వాటాగా వచ్చేదేముంది?

జహీరాబాద్ ప్రాంతపు ప్రయత్నాన్ని ఈ ఖాళీలో పెట్టి చూడాలి. పీ.వీ. సతీష్, ఆయన మిత్రులు 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని ప్రారంభించారు. పస్తాపూర్ దాని కేంద్రం. మొదట్లో పని మగరైతులతోనే సాగింది. తర్వాత ఊరూరా స్త్రీల సంఘాలు ఏర్పడ్డాయి. కాలక్రమంలో దాదాపు 75 గ్రామాలకు, సుమారు ఐదు వేల మందికి విస్తరించిన ఈ సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు. ఎర్రచెల్కలు, గులకరాతి నేలలు, వాన మీద ఆధారపడ్డ సేద్యం వారి భౌతిక స్థితి. సర్కారు పేదలకు పంచిన భూముల్లో ఎక్కువభాగం బీళ్లు. పట్టా చేతికొచ్చినా దున్నడానికి ఎడ్లు లేవు, విత్తడానికి గింజ లేదు.

సంఘాలు చేసిన మొదటి పని ఆ బీళ్లకు గెట్లు వేసి, రాళ్లు ఏరి, ఎరువు తోలి సాగులోకి తేవడం. రెండవది, భూస్వాముల భూమిని గుంపుగా కౌలుకు తీసుకుని కలిసి సేద్యం చేయడం. మూడవది, షెడ్యూల్డు కులాల కార్పొరేషన్ పథకం కింద స్త్రీల పేర్లమీదనే భూమి కొనడం. నిన్నటిదాకా పటేలు పొలంలో కూలికి వంగిన మనిషి, 'ఈ ఏడు ఇందులో ఏం వేద్దాం?' అని నలుగురితో కూర్చుని మాట్లాడింది. ఉత్పత్తి సంబంధాల్లో మార్పు అంటే పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటాం. అది కొన్నిసార్లు ఇంత చిన్న ప్రశ్నతో మొదలవుతుంది.

ఏం వేయాలన్న నిర్ణయం తిండితో ముడిపడినది. రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చింది కూడా 1983లోనే. ఆకలిగొన్నవాడికి ఆ బియ్యం నిజమైన అండ, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే కృష్ణా గోదావరుల నీటితో పండిన బియ్యం రేషన్ దుకాణానికి చేరినకొద్దీ మెట్టనేల జొన్నకు గిరాకీ పోయింది, చెల్కలు బీడుపడ్డాయి. దీనికి సంఘాలు 1995-96లో ఒక ప్రత్యామ్నాయం చూపాయి. సుమారు 30 గ్రామాల్లో బీడు సాగుచేయడానికి పేదరైతులకు అప్పు ఇచ్చి, దాన్ని కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలను ఊరిలోనే నిలవచేసి, పనిలేని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు నిరుపేదలో తేల్చడానికి నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇంటింటి స్థితినీ అందరిముందూ నిర్ణయించారు. ఆఫీసరు కలం చేసే పనిని కూలి స్త్రీల ముగ్గు చేసింది.

విత్తనం సంగతి ఇంకా ముఖ్యమైనది. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సుమారు 3500 ఎకరాల్లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలపై పరిశోధన చేస్తుంది. ప్రపంచంలోని రకాలు అక్కడి శీతల గదుల్లో భద్రంగా ఉన్నాయి. అదే బొంబాయి రోడ్డు మీద ముందుకు పోతే, పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో స్త్రీలు బూడిద, వేపాకు కలిపి, కుండల్లో, గుమ్ముల్లో తైద, కొర్ర, సామ, పచ్చజొన్న, అనుములు దాచారు. రెండూ విజ్ఞానమే. ఒకదానికి జీతం, బిరుదు ఉన్నాయి. రెండవదాన్ని మొన్నమొన్నటిదాకా 'ఆడోళ్ల పని' అన్నారు. విత్తనం ఇంట్లో ఉన్నంతకాలం సేద్యపు నిర్ణయంలో స్త్రీకి మాట ఉంటుంది. విత్తనం దుకాణంలోంచి వస్తే అప్పు పుట్టించే మగవాడే నిర్ణేత అవుతాడు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాతపంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరేగేది ఈ అధికారమే.

గింజ తర్వాత గొంతు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. యునెస్కో సాయంతో 1998లోనే మాచ్‌నూరులో రేడియో కేంద్రం సిద్ధమయింది. కానీ 2006 విధానం వచ్చేదాకా ఇలాంటి సంస్థలకు అనుమతి లేదు. పదేళ్లు కాచుకుని, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలుపెట్టింది. జనరల్ నర్సమ్మ వంటి దళిత యువతులు దాన్ని నడిపారు. ఇక్కడి స్త్రీలే కెమెరా పట్టి వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాన్ని చిత్రించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

ఇంత చెప్పాక, మన దృక్పథం నుంచి అడగవలసిన ప్రశ్నలు అడగాలి. పటేలు భూమిని కౌలుకు తీసుకుంటే కౌలు పోయేది పటేలు ఇంటికే. కార్పొరేషన్ డబ్బుతో కొంటే దొరకు మార్కెట్ ధర ముట్టుతుంది, మిగులు భూమి ప్రశ్న కదలదు. నిధులమీద నడిచే సంస్థకు నిధి ఇచ్చేవాడి గీత ఎక్కడో ఉంటుంది. ఇవన్నీ నిజమైన పరిమితులే. స్వచ్ఛంద సంస్థ భూపోరాటానికి బదులు కాజాలదు. కానీ భూపోరాటం కూడా వీరిదగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. పట్టా ఎవరి పేర, విత్తనం ఎవరి చేత, గింజ మీద లెక్క ఎవరిది అన్న మూడు ప్రశ్నలూ విడివిడిగా అడగకపోతే, పంచిన భూమి కూడా ఇంట్లోని దొర చేతికే పోతుంది. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే అందింది. కౌలుకు చేసే స్త్రీకి రూపాయి రాలేదు.

ఈ ప్రశ్న మన కాలంలో మరింత తీవ్రమైంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెదజల్లిన రసాయనాలు నక్కవాగును ఏంచేశాయో ఈ ప్రాంతం వారికి తెలుసు. ఈ వైపు పొలాలు ప్లాట్లవుతున్నాయి. మా కిష్టారెడ్డిపేట వంటి ఊళ్లలో భూమి అమ్మిన డబ్బు పట్టాదారుకు ముట్టింది, ఆ భూమిలో కైకిలి చేసిన స్త్రీకి పోయింది పని. ఇప్పుడు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాలకు తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి సరిగ్గా ఈ సంఘాల నేలమీదికే వచ్చింది. అసైన్డు భూమిని అమ్ముకునే హక్కు పేదకు లేదు, వెనక్కి తీసుకునే అధికారం మాత్రం సర్కారుకు ఉంది. నలభై ఏళ్లు రాళ్లేరి, ఎరువు వేసి చేసిన నేల విలువను ఏ పరిహారపు పట్టిక లెక్కగడుతుంది?

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ మార్చి 19న సతీష్ మరణించారు. కొర్రలు, సామలు నగరపు అంగళ్లలో రంగు సంచుల్లో మెరుస్తున్నాయి. పండించిన స్త్రీ పేరు ఆ సంచి మీద లేదు. మన కథల్లోనూ ఆమె ఇంకా 'పొలానికి సద్ది తెచ్చే భార్య'గానే ఉంది. దున్నకం లెక్క తెలిసిన, విత్తనం తూకం తెలిసిన, కౌలు బేరమాడే స్త్రీని రైతుగా నిలబెట్టిన నవలలు ఎన్ని ఉన్నాయో అభ్యుదయ రచయితలు తమను తాము ప్రశ్నించుకోవాలి. ఆమె పేరు ముందు పహాణీలోకి ఎక్కాలి, సాహిత్యంలోకీ ఎక్కాలి. మొదటిదానికి ఉద్యమం కావాలి. రెండవది మన పని.